ఏ పని మీద వెళ్తున్నారు?

యూరప్ వెళ్ళాలంటే మనలాంటి వాళ్ళం ముందుగా ఒక కథ రాయాలి. దాన్నెవరూ కథ అనరు, ఐటినరరీ అంటారు. ఫలానా తారీఖున దిగుతాం, ఫలానా హోటల్లో ఉంటాం, మూడోరోజు పొద్దున మ్యూజియం, సాయంత్రం సముద్రం ఒడ్డున నడక, నాలుగోరోజు రైలెక్కి పక్క ఊరు. ఈ ప్రక్రియకి కొన్ని కట్టుబాట్లున్నాయి. ఇందులో వాన పడదు. ఎవరికీ జ్వరం రాదు. తల్లీకూతుళ్ళు పోట్లాడుకోరు. చివరి వాక్యం మాత్రం తప్పనిసరిగా తిరుగు విమానమే కావాలి. రాసేవాళ్ళకి ఇంటికి తిరిగొచ్చేయాలని గట్టిగా ఉందని రుజువులతో సహా చూపించాల్సిన రచన నాకు తెలిసి ఇదొక్కటే. బ్యాంకు స్టేట్‌మెంటూ, ఆఫీసువాళ్ళిచ్చిన సెలవు ఉత్తరమూ, 30,000 యూరోలకి తగ్గని ఇన్సూరెన్సూ దీనికి అనుబంధాలు. ఆ ఇన్సూరెన్సులో, మనం అక్కడ పోతే శవాన్ని వెనక్కి పంపే ఖర్చు కూడా కలిసి ఉండాలి. ఎవరూ చావని కథకి అదొక ఫుట్‌నోట్.

అమ్మకీ నాకూ కలిపి నీస్ పట్నంలో పది రోజులకి ఈమధ్య అలాంటిదొకటి రాశాను. రాస్తున్నన్నాళ్ళూ పక్కన ఆ ఊరి మీద వచ్చిన పుస్తకాలు పెట్టుకుని చదివాను, రెండు సినిమాలు చూశాను. ఈ వ్యాసం వాటి గురించి. సముద్రం ఒడ్డున విహారానికని కట్టిన ఊరిని గురించి ఎవరైనా రాసినప్పుడు వాళ్ళెక్కడ నిలబడి చూస్తున్నారన్నది నా ప్రశ్న. బాల్కనీలోనా, ఇసకలోనా, రిసెప్షన్ బల్ల వెనకా, వంటింట్లోనా? చూసే చోటు మారితే ఊరు మారిపోతుంది. మనం వేసుకునే ప్లాను కూడా.

నీసే ఎందుకంటే, విహారం కోసం ఊరిని తయారుచెయ్యడం అనే పని చాలా ముందుగా మొదలైన చోట్లలో అదొకటి. ఫ్రాన్స్‌కి ఆగ్నేయపు మూలన, ఇటలీ సరిహద్దుకి దగ్గర్లో ఉంటుంది. 1860కి ముందు చాలాకాలం అది ఫ్రాన్స్‌లో లేదు, సవాయ్ రాజవంశం ఏలుబడిలో ఉండేది. 2021లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏమని చేర్చిందో చూడండి: రివియేరా తీరపు శీతాకాల విడిది పట్నం అని. మనకి మధ్యధరా సముద్రం అనగానే మండే ఎండా, గొడుగులూ, నీలం నీళ్ళూ గుర్తొస్తాయి కదా. నూటయాభై ఏళ్ళపాటు అక్కడికి జనం చలికాలంలోనే వెళ్ళేవాళ్ళు. ఎండాకాలం వస్తే హోటళ్ళు మూసేసేవాళ్ళు. మన కళ్ళలో ఉన్న ఆ ఎండాకాలం పుట్టి ఇంకా నూరేళ్ళే. దాన్ని పుట్టించిన వాళ్ళలో రచయితలూ ఉన్నారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొదటగా చదవాల్సినవాడు టోబియాస్ స్మాలెట్. స్కాట్లండ్ వైద్యుడు, నవలాకారుడు. ఒక్కగానొక్క కూతురు పదిహేనేళ్ళకే పోయింది. తన ఊపిరితిత్తులు బాగాలేవు. 1763లో భార్యని తీసుకుని బయల్దేరి నీస్ చేరాడు. 1766లో వచ్చిన ఆయన ఉత్తరాల పుస్తకం, ఫ్రాన్స్, ఇటలీల యాత్ర, మొదటి పేజీ నుంచి సణుగుడే. సత్రాలు బాగాలేవు, తిండి బాగాలేదు, మోసం చేస్తున్నారు, పురుగులు. రెండేళ్ళ తర్వాత లారెన్స్ స్టెర్న్ తన యాత్రాపుస్తకంలో ఈయన్ని స్మెల్‌ఫంగస్ అని పేరు పెట్టి ఏడిపించాడు. లోకమంతా తిరిగి తన కడుపుమంట తప్ప ఏమీ చూడని మనిషి అని దాని భావం. సాహిత్య చరిత్రలో స్టెర్న్ గెలిచాడు. ఇప్పటికీ యాత్రారచన అంటే మనసు విప్పి, మెత్తబడి, చూసిన ప్రతిదానికీ మురిసిపోయేదే మంచిదని మనకో నమ్మకం ఉండిపోయింది.

నేను స్మాలెట్ పక్షం. ఎందుకంటే ఆయన నీస్‌లో ఉన్నన్నాళ్ళూ వాతావరణం పట్టీ రాసిపెట్టాడు. ఏ రోజు గాలి ఎటు నుంచి, ఏ రోజు వాన, ఏ రోజు ఎండ. దాన్ని పుస్తకం వెనకాల అచ్చు కూడా వేశాడు. తర్వాత వచ్చే రోగికి పనికొస్తుందని. కూతురు పోయిన మనిషి పొద్దున్నే లేచి గాలి దిశ రాసుకోవడంలో నాకు స్టెర్న్ చూడలేకపోయిన బాధ కనిపించింది. మే నెలలో సముద్రంలో దిగి స్నానం చేస్తే ఊళ్ళోవాళ్ళు వింతగా చూశారనీ, వైద్యులు ఇక చచ్చిపోతావన్నారనీ ఆయనే రాశాడు. ఇప్పుడు లక్షల మంది చేసే పనిని అప్పుడు ఒక దగ్గుమనిషి, అందరూ వద్దంటుండగా చేశాడు. మన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చదివినవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. 1830-31లో ఆయన మజిలీ మజిలీకీ ఆగి, ఇక్కడ ఏం దొరుకుతాయి, దారి ఎలా ఉంది అని రాసుకుంటూ పోయాడు. అదీ వెనకాల వచ్చేవాళ్ళ కోసమే. ఒకాయనది పుణ్యం, ఒకాయనది ఆరోగ్యం. ఊరికే వెళ్ళిన వాళ్ళు మాత్రం కాదు.

ఆ ‘ఊరికే’ అన్నదే ఈ వ్యవహారంలో కష్టమైన సంగతి. తెలుగులో హాలిడేకి మనం వాడే మాట సెలవు. దానికి మొదటి అర్థం అనుమతి. పెద్దవాళ్ళ దగ్గర సెలవు పుచ్చుకుంటాం, వాళ్ళు సెలవిస్తారు. అంటే విశ్రాంతి మనది కాదు, ఎవరో ఇవ్వాలి. ఈ మాట పుట్టేనాటికి వీసా లేకపోయినా వీసా స్వభావం మన భాషకి ముందే తెలుసన్నమాట.

నీస్‌లో ఎవరి విశ్రాంతికి ఎవరి చెమట ఖర్చయిందో కనుక్కోవడం కష్టం కాదు, ఆ ఊళ్ళో అతి ప్రసిద్ధమైన రోడ్డు మీద నిలబడితే చాలు. ప్రొమెనాద్ దెజాంగ్లే. అంటే ఇంగ్లీషువాళ్ళ విహార మార్గం. 1820లలో చలికాలం గడపడానికొచ్చిన ఇంగ్లీషువాళ్ళు, లూయిస్ వే అనే మతగురువు చొరవతో చందాలు పోగుచేసి వేయించారు. పని దొరక్క అడుక్కుంటున్న స్థానికుల చేత రాళ్ళు మోయించి కట్టించారు. మన వైపు కరువు పనులంటాం కదా, అలాంటివి. ఆకలిగా ఉన్నవాళ్ళు కడుపు నిండినవాళ్ళు నడవడానికి దారి వేశారు. ఆ దారినే నా ఐటినరరీలో మొదటి సాయంత్రానికి పెట్టాను. ఆ రోడ్డు మీదే 2016 జూలై 14న, జాతీయ పండగ రాత్రి బాణసంచా చూసి తిరిగెళ్తున్న జనం మీదికి ఒకడు లారీ తోలాడు. 86 మంది పోయారు. ఫొటోల్లో ఆ రోడ్డు ఎప్పుడూ ఖాళీగా, నీలంగా, ఏమీ జరగనట్టు ఉంటుంది.

తీరానికి ఆ నీలం పేరు కూడా ఒక పుస్తకమే పెట్టింది. 1887లో స్టెఫాన్ లియెజార్ అనే రచయిత ‘లా కోత్ దజూర్’ అని పుస్తకం వేశాడు. నీలితీరం అని. ఇవాళ ఆ పుస్తకం చదివేవాళ్ళు దాదాపు లేరు. పేరు మాత్రం రైలు స్టేషన్లకీ, విమానాశ్రయానికీ, పెర్ఫ్యూమ్ సీసాలకీ పాకింది. పుస్తకం చచ్చిపోయి శీర్షిక మాత్రం బతకడం ఏ రచయితకైనా విచిత్రమైన అదృష్టమే. పదేళ్ళ తర్వాత, 1897లో, విక్టోరియా రాణి చలికాలపు విడిదికి ఊరి పైనున్న సిమియే గుట్టకి వచ్చింది. మున్షీ అబ్దుల్ కరీమ్‌ని వెంట తెస్తానంటే ఆవిడ పరివారమంతా ఎదురుతిరిగింది. ఒక హిందుస్తానీ నౌకరుతో సమానంగా కూర్చుని మేం భోంచెయ్యలేం అని. రాణి వినలేదు, ఆయన వచ్చాడు. నీస్‌కి వెళ్ళాలనుకునే భారతీయులు ఎవరైనా గుర్తుపెట్టుకోవాల్సిన పూర్వీకుడు ఆయన. ఆయన సెలవు గురించి ఒక సామ్రాజ్యంలో పెద్ద రగడ జరిగింది.

జబ్బుపడి వచ్చినవాళ్ళ వరసలో స్మాలెట్ తర్వాత మనకి బాగా తెలిసినవాడు చెహోవ్. క్షయతో 1897-98 చలికాలం నీస్‌లో, ర్యూ గూనో వీధిలోని రష్యన్ల పాన్సియోఁలో గడిపాడు. అక్కడ కూర్చునే డ్రైఫస్ కేసు పత్రికలన్నీ చదివి జోలా పక్షం చేరాడు, పాత స్నేహితుడు సువోరిన్‌తో ఆ విషయం మీద చెడింది. 1900 డిసెంబర్లో మళ్ళీ వచ్చి ‘ముగ్గురు అక్కచెల్లెళ్ళు’ నాటకం చివరి అంకాలు దిద్దాడు. ఇది తెలిశాక ఆ నాటకం నాకు వేరేలా వినిపించింది. మాస్కో వెళ్ళాలి, వెళ్ళాలి అంటూ ఎక్కడికీ వెళ్ళని ముగ్గురు ఆడవాళ్ళ కథని, ప్రపంచమంతా వెళ్ళాలనుకునే ఊళ్ళో కూర్చుని, తను మాస్కోలో ఉండలేని మనిషి సవరించాడు. ఆ అక్కచెల్లెళ్ళది బద్ధకమనీ, నిజంగా కావాలనుకుంటే రైలెక్కేవాళ్ళనీ అనేవాళ్ళుంటారు. టికెట్టు కొనడం అంత సులువైన విషయం కాదని చెహోవ్‌కి తెలుసు.

పక్కనే, ఇటలీ సరిహద్దు మీదున్న మాంతోఁలో 1920-21లో క్యాథరిన్ మాన్స్‌ఫీల్డ్. ఆవిడకీ అదే జబ్బు. ‘మిస్ బ్రిల్’ కథ అక్కడున్నప్పుడే రాసింది. ఫ్రెంచి ఊళ్ళో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ ఒంటరిగా బతికే ఒకావిడ, ఆదివారం తన పాత బొచ్చు మఫ్లర్ తీసి వేసుకుని పార్కులో బెంచీ మీద కూర్చుంటుంది. బ్యాండు వాయిస్తుంటే వచ్చేపోయేవాళ్ళని చూస్తూ, ఇదంతా ఒక నాటకం, ఇందులో నాకూ ఒక వేషం ఉంది అనుకుంటుంది. పక్కన కూర్చున్న కుర్ర జంట ఆవిడ గురించి ఒక మాటంటారు. అంతే. ఇంటికెళ్ళి మఫ్లర్ పెట్టెలో పెట్టేస్తుంది. ఈ కథని ఒంటరితనం కథగా చదవడం అలవాటు. నాకిది చూడ్డం గురించిన కథ. విహారపు ఊరు మొత్తం, ఒకళ్ళనొకళ్ళు చూసుకోడానికి వేసిన బెంచీల వరసే. అక్కడ ఎవరికి చూసే హక్కుంది, ఎవరు కనబడితే నవ్వులాట అన్నది ముందే ఖాయమైపోయి ఉంటుంది. అరవై రెండేళ్ళ అమ్మని చీరలో తీసుకెళ్ళి అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టబోతున్నాను కాబట్టి, ఈ కథ నన్ను మామూలు కంటే ఎక్కువసేపు పట్టుకుంది.

ఇక ఎండాకాలం. 1923లో జెరాల్డ్, సారా మర్ఫీ అనే అమెరికన్ దంపతులు, ఆంతీబ్‌లోని ఓతెల్ దు కాప్ యజమానిని ఒప్పించి వేసవిలో కూడా కొంత భాగం తెరిపించారు. లా గరూప్ అనే చిన్న బీచిలో పేరుకున్న నాచుని మర్ఫీ స్వయంగా ఎత్తిపోసి కాస్త ఇసక బయటికి తీశాడు. ఆ ఇసక మీదకి స్నేహితులొచ్చారు, వాళ్ళలో స్కాట్ ఫిట్జెరాల్డ్ ఒకడు. అతని ‘టెండర్ ఈజ్ ద నైట్’ 1934లో వచ్చింది. నవల మొదట్లో రోజ్‌మేరీ అనే పడుచు సినిమా నటి బీచికొస్తుంది. అక్కడ ఒకాయన టోపీ పెట్టుకుని దంతెతో గులకరాళ్ళు సరిచేస్తూ, చుట్టూ ఉన్నవాళ్ళని నవ్విస్తూ ఉంటాడు. డిక్ డైవర్. ఆ అమ్మాయికి ఆయనా, ఆయన భార్యా ఈ లోకంలోకెల్లా అందంగా బతకడం తెలిసిన మనుషుల్లా కనిపిస్తారు. ఆయన వైద్యుడనీ, భార్య ఆయన రోగి అనీ, ఆ అందమంతా ఒక ధనిక కుటుంబపు డబ్బు మీదా, ఒక పిల్ల మీద జరిగిన ఘోరం మీదా నిలబడి ఉందనీ మనకి తర్వాత తెలుస్తుంది.

ఈ నవలకి రెండు రూపాలున్నాయి. అమ్మకాలు సరిగ్గా లేక, మొదట్నుంచీ కాలక్రమంలో చెప్పి ఉంటే బాగుండేదని ఫిట్జెరాల్డ్ తర్వాత అనుకున్నాడు. అతను పోయాక, ఆ కోరిక ప్రకారం మాల్కమ్ కౌలీ 1951లో అధ్యాయాలు మార్చి ఇంకో కూర్పు తెచ్చాడు. అందులో కథ జూరిక్ ఆసుపత్రితో మొదలవుతుంది. బీచి తర్వాత వస్తుంది. రెండూ చదివాను. రచయిత కోరికే అయినా రెండోది తప్పు. జబ్బు ముందే తెలిసిపోతే బీచి ఒక్క క్షణం కూడా మెరవదు. మొదటి రూపంలో మనం కూడా రోజ్‌మేరీతో పాటు టూరిస్టులమై దిగుతాం, మోసపోతాం, ఆ మోసం రుచి చూస్తాం. ఆ తర్వాతే లెక్క తెలుస్తుంది. రిసార్టు ఊరి నిజం ఆ వరసలోనే ఉంది. ఏమీ తెలియకుండా మురవడం ముందు, తెలిసి నొచ్చుకోవడం తర్వాత. నా ఇబ్బంది వేరు. ఇంత తెలిసిన ఫిట్జెరాల్డ్ కూడా, ఆ బీచిలో మంచినీళ్ళు తెచ్చిచ్చిన పనివాళ్ళ వైపు తల తిప్పి నిండుగా ఒక్కసారి చూడడు. నొప్పి కూడా అతనికి అతిథుల నొప్పే.

ఆ తల తిప్పింది కెమెరా. 1930లో జాన్ విగో తీసిన మూకీ సినిమా ‘ఆ ప్రొపో ద నీస్’. అరగంట కూడా ఉండదు. విగో పాతికేళ్ళవాడు, క్షయ రోగి, ఆ కారణంగానే నీస్‌లో ఉంటున్నాడు. కెమెరా పట్టింది జిగా వెర్తోవ్ తమ్ముడు బోరిస్ కౌఫ్‌మన్. సినిమా మొదట్లోనే బొమ్మ రైల్లో బొమ్మ టూరిస్టులు దిగుతారు. జూదశాలలో బిళ్ళలు లాగే కర్ర ఒకటి వచ్చి వాళ్ళని ఊడ్చేస్తుంది. డిక్ డైవర్ చేతిలోని దంతెకీ ఈ కర్రకీ మధ్య ఉన్న దూరమే ఫిట్జెరాల్డ్‌కీ విగోకీ ఉన్న దూరం. ఒకటి అతిథుల కోసం బీచి చదును చేస్తుంది. రెండోది అతిథుల్నే లెక్కేసి లాక్కుంటుంది. ప్రొమెనాద్ మీద కుర్చీల్లో కునికే ధనవంతుల్ని చూపించి, కెమెరా పాతబస్తీ సందుల్లోకి పోతుంది. అక్కడ ఇళ్ళ మధ్య తాళ్ళ మీద ఆరేసిన బట్టలు, వీధిలో ఆడుకునే పిల్లలు. విగో నాలుగేళ్ళ తర్వాత, 29వ ఏట పోయాడు.

1958లో అదే తీరం మీద ఆన్యేస్ వర్దా ‘దు కోతే ద లా కోత్’ తీసింది, రంగుల్లో. తీయించింది ఫ్రెంచి పర్యాటక శాఖ. జీతమిచ్చినవాళ్ళ మీద వెక్కిరింత ఎలా నడపాలో ఆ సినిమా చూసి నేర్చుకోవచ్చు. రంగులు అంత ముద్దుగా ఉంటాయి, మాట అంత చిలిపిగా ఉంటుంది. అయినా రెండిట్లో నేను విగో సినిమాకే మళ్ళీ మళ్ళీ వెళ్తాను. వర్దా టూరిస్టుల్ని చూసి నవ్వుతుంది. విగో కోపగించుకుంటాడు. టూరిస్టుగా వెళ్ళబోతున్న నాకు ఆ కోపమే ఎక్కువ మర్యాదగా తోచింది.

ఇప్పుడు రిసెప్షన్ బల్ల వెనక్కి వెళ్దాం. రొమాఁ గారీ 1914లో విల్నియస్‌లో పుట్టిన యూదు పిల్లవాడు. 1928లో తల్లితో నీస్ వచ్చాడు. తల్లి ఆ ఊళ్ళో నానా పనులూ చేసి, చివరికి మెర్మోఁ అనే చిన్న హోటల్ నడిపింది. ఆ కథే 1960లో వచ్చిన ‘లా ప్రొమెస్ ద లోబ్’, తెల్లవారుజాము ఇచ్చిన మాట. ఈ పుస్తకంలో నీస్ అంటే ఎండ కాదు. పొద్దున్నే లా బుఫా మార్కెట్‌కెళ్ళి కూరగాయలు పట్టి పట్టి చూసి, బేరమాడి, వాసన చూసి, అరిచి తెచ్చుకునే ఒక పరదేశి ఆడమనిషి. అతిథులకి ఏ లోటూ రాకూడదని మెట్లెక్కి దిగుతూ, తన మధుమేహం కొడుక్కి తెలియకుండా దాచుకున్న మనిషి. అందులో అందరూ చెప్పుకునే ఘట్టం ఒకటుంది. కొడుక్కి రోజూ మాంసం పెట్టి, నాకు మాంసం పడదు, నేను కూరగాయలే తింటాను అంటుంది తల్లి. ఒకరోజు పిల్లాడు వంటింట్లోకి వెళ్ళేసరికి ఆవిడ మాంసం వేయించిన పెనంలో మిగిలిన కొవ్వుని రొట్టెముక్కతో తుడుచుకుని తింటూ ఉంటుంది.

మా అమ్మకి ఈ ప్రయాణం ఎందుకో అర్థం కావట్లేదు. అమ్మ బాపట్లలో ఉంటుంది. ప్రైమరీ స్కూలు టీచరుగా రిటైరైంది. మనిషి తిరగనిదేం కాదు. తిరుపతి, కాశీ, పెళ్ళిళ్ళు, ఆసుపత్రులు. అక్క పురిటికని అమెరికా వెళ్ళి ఆర్నెల్లుంది. అక్కడ చూసింది వంటిల్లూ, కాస్ట్‌కో. పని లేకుండా ఎక్కడికీ వెళ్ళలేదు. “అక్కడేముందే?” అంది. సముద్రం అన్నాను. “సూర్యలంకలో లేదా?” అంది. వీసా ఫారంలో ప్రయాణం ఉద్దేశం అన్న గడి దగ్గర నేనూ అక్కడే ఆగాను. గడిలో టిక్కు పెట్టడం సులువే, అమ్మకి చెప్పడమే కష్టం. అలాంటి ఒక సాయంత్రం ఫోన్లో గారీ పుస్తకం గురించి చెప్తూ ఈ పెనం సంగతి చెప్పాను. నాకు గొంతు కొంచెం పట్టేసింది కూడా. అమ్మ కాసేపాగి, “వేపుడు చేసిన బాణలిలో అన్నం కలుపుకుంటే బాగుంటుందిలే,” అంది.

ఆ మాటతో నేను ఆ పుస్తకాన్ని మళ్ళీ మొదట్నుంచి చదవాల్సొచ్చింది. గారీ ఆ ఘట్టాన్ని గొప్పగా రాశాడు. కానీ రాసింది కొడుకు. పెనం తుడవడం అతనికి త్యాగం, అప్పు. జీవితాంతం తీర్చాల్సిన బాకీ. ఫ్రాన్స్ తరఫున యుద్ధం చేసి, పతకాలు తెచ్చి, దౌత్యవేత్తగా పనిచేసి, పెద్ద రచయితయి తీర్చాలి. ఆ పెనంలో రుచి కూడా ఉండొచ్చని, ఆ నాలుగు నిమిషాలూ ఆవిడ ఒక్కతే తనకోసం ఏదో తినే సమయం కావచ్చని అతనికి తట్టదు. తల్లిని అంత ప్రేమించిన పుస్తకం ఆవిడని విగ్రహం చేసేసింది. విగ్రహానికి ఆకలి ఉంటుంది కానీ జిహ్వ ఉండదు. ఇంత చెప్పినా, నీస్ మీద ఒకటే పుస్తకం చదవగలం అంటే ఇదే చదవమంటాను. అతిథులు పడుకున్నాక ఆ ఊళ్ళో ఏం జరుగుతుందో చెప్పింది ఇదే కనుక. తల్లులున్న వాళ్ళు మాత్రం ఆ పేజీలు తల్లికి చదివి వినిపించి, వాళ్ళేమంటారో వినండి.

చివరగా, ఆ ఊళ్ళోనే పుట్టినవాడి మాట. లెక్లెజియో 1940లో నీస్‌లో పుట్టాడు, కుటుంబానిది మారిషస్ నేపథ్యం, 2008లో నోబెల్ వచ్చింది. 1978 నాటి ‘మోందో’ కథలో ఊరి పేరు చెప్పడు, చదివితే తెలిసిపోతుంది. పదేళ్ళ కుర్రాడొకడు ఎక్కణ్నుంచో వస్తాడు. పెట్టె లేదు, కాగితాల్లేవు, ఇంటిపేరు లేదు. దారిలో నచ్చిన మనిషి కనబడితే, నన్ను పెంచుకుంటారా అని అడుగుతాడు. వాళ్ళు ఆశ్చర్యం నుంచి తేరుకునేలోపే దూరంగా వెళ్ళిపోతాడు. ఊరికుక్కల్ని పట్టుకుపోయే బండి వస్తే దాక్కుంటాడు, పిల్లల్ని కూడా అదే బండి పట్టుకుపోతుందని భయం. బీచిలో ఒక ముసలాయన గులకరాళ్ళ మీద అక్షరాలు చెక్కి వాడికి చదువు నేర్పిస్తాడు. చివరికి వాణ్ని మంచి మనసుతోనే తీసుకెళ్ళి సంక్షేమం వాళ్ళకి అప్పజెప్తారు. వాడు అక్కణ్నుంచి పారిపోతాడు, ఊరికి మాత్రం తిరిగి రాడు. ఊరు ఏదో పోగొట్టుకున్నట్టు ఉండిపోతుంది.

నీస్ బీచిలో ఇసక ఉండదు, గులకరాళ్ళే. ప్లాన్లు వేసేవాళ్ళంతా దీని గురించి ఒకళ్ళనొకళ్ళు హెచ్చరించుకుంటారు: కాళ్ళు నొప్పెడతాయి, రబ్బరు చెప్పులు తెచ్చుకోండి. లెక్లెజియో ఒక్కడే ఆ రాళ్ళని పలకలు చేశాడు. మోందో నాకు ఐటినరరీకి పూర్తి ఎదురు పాత్రగా కనిపించాడు. ఎన్నాళ్ళుంటాడో తెలీదు, ఎందుకొచ్చాడో తెలీదు, తిరిగెళ్ళే చోటు లేదు. అలాంటివాడు కథలో ఊరికి ప్రాణం, ఆఫీసు బల్ల దగ్గర తిరస్కరించాల్సిన దరఖాస్తు. స్మాలెట్, చెహోవ్, గారీ తల్లి, వీళ్ళెవరూ ఇవాళ నేను నింపిన ఫారం నింపి గట్టెక్కేవాళ్ళు కాదు. రోగమో, పేదరికమో, తిరిగెళ్ళే ఉద్దేశం లేకపోవడమో అడ్డొచ్చేది. ఆ ఊరిని మనం వెళ్ళి చూడాలనుకునేలా చేసినవాళ్ళలో ఎక్కువమంది ఇప్పటి లెక్కలో ఆ ఊరికి పనికిరానివాళ్ళే.

చదవాలనుకునేవాళ్ళు నా వరసే పాటించక్కర్లేదు. ముందు ఫిట్జెరాల్డ్‌తో మోసపోండి, 1934 నాటి రూపంలోనే. తర్వాత విగో సినిమా. మిస్ బ్రిల్‌కి పావుగంట చాలు. గారీకి ఒక వారం. మోందో చివరన. స్మాలెట్‌ని మధ్యమధ్యలో, మీకు దేని మీదైనా విసుగొచ్చినప్పుడల్లా.

ఇదంతా చదివినందువల్ల నా ప్లానులో జరిగిన మార్పు చిన్నదే. ఖర్చు కలిసొస్తుందని మొదట వంటిల్లున్న అపార్ట్‌మెంటు చూసిపెట్టుకున్నాను. బియ్యం, పచ్చడి సీసాలు తీసుకెళ్ళి అక్కడే వండుకోవచ్చని. అమ్మ అప్పుడే చిన్న కుక్కరు పక్కన పెట్టింది. దాన్ని రద్దు చేసి, స్టవ్వు లేని గది తీసుకున్నాను, లా బుఫా మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో. కొంచెం ఎక్కువే అయింది. మూడు మధ్యాహ్నాలు ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేశాను. అమ్మకింకా చెప్పలేదు. చెప్తే, మరి పొద్దున కాఫీ సంగతేంటి అంటుంది.